చింతగింజకు తండ్రెవరు? తోపులో చెట్ల సంబంధాలు తేల్చే పని, మొదటి నుంచీ

బెంగళూరు నుంచి హొసకోటె దాటి కోలారు వైపు పోతుంటే ఊళ్ళ అంచుల్లో పాత చింతతోపులు ఇంకా కనిపిస్తాయి. అలాంటి ఒక తోపులో చెట్లకు నంబర్లు కొడుతుంటే, ఆ ఏడు కాయ గుత్తకు తీసుకున్న పెద్దాయన నా దగ్గరకు వచ్చాడు. ఆ పక్క ఊళ్ళలో తెలుగు బాగానే నడుస్తుంది.

"ఏం సార్, చెట్లకు నంబర్లేస్తా ఉండావు, రోడ్డు వస్తుందా ఏంది?"

"రోడ్డు కాదు పెద్దాయనా. ఈ చెట్ల గింజలకు తండ్రి ఏ చెట్టో చూద్దామని."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "చెట్టుకు తండ్రేంది సామీ, నాటినోడే తండ్రి" అని బీడీ వెలిగించుకున్నాడు.

ఆ మాటలో ఎంత నిజం ఉందో తర్వాత చెప్తాను. ముందు ఈ పని ఎలా చేయాలో చూద్దాం. వృక్షశాస్త్రం చదివే పిల్లలు, అటవీ నర్సరీల్లో పనిచేసేవాళ్ళు, ఊరికే ఆసక్తి ఉన్నవాళ్ళు నన్ను తరచూ అడుగుతుంటారు. ఇంగ్లిష్‌లో పుస్తకాలున్నాయి గానీ వాటిలో లెక్కలే ఎక్కువ, తోపులో నిలబడితే ఎదురయ్యే తిప్పలు ఎవరూ రాయరు. నేను చింతనే ఉదాహరణగా తీసుకుంటాను, మీరు వేపకో, ఇప్పకో, బూరుగుకో మార్చుకోవచ్చు.

అసలు ప్రశ్న ఏమిటి

ఉష్ణమండల అడవిలో ఒక జాతి చెట్లు చాలాసార్లు ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉంటాయి. హెక్టారుకు ఒక పెద్ద చెట్టు కూడా లేని జాతులు మామూలే. ఇంత దూరాన ఉన్నవి ఒకదానితో ఒకటి ఎలా జతకడతాయి, తమ పుప్పొడితో తామే గింజ కట్టుకుంటాయేమో అని ఒకప్పుడు అనుకునేవారు. సోవియట్ శాస్త్రవేత్త ఫెడొరోవ్ 1966లో గట్టిగా వాదించింది కూడా అదే. తర్వాత కమల్‌జిత్ బావా కోస్టారికా అడవుల్లో చెట్టు చెట్టుకూ చేత్తో పరాగసంపర్కం చేసి చూసి, అక్కడి చాలా జాతులు సొంత పుప్పొడిని ఒప్పుకోవని 1974లో చూపించాడు. అంటే వాటికి గోత్రం పట్టింపు ఉంది. ఈ బావానే 1996లో మన బెంగళూరులో ఏట్రీ అనే పరిశోధన సంస్థను స్థాపించాడు.

కాబట్టి తేల్చవలసినవి ఇవి: గింజల్లో ఎన్ని సొంత పుప్పొడితో వచ్చాయి, ఎన్ని చుట్టాల చెట్లతో వచ్చాయి (చెట్లలోనూ మేనరికాలుంటాయి), ఒక తల్లి గింజలకు ఎంతమంది తండ్రులు, పుప్పొడి ఎంత దూరం నుంచి వచ్చింది, చివరగా వీటన్నిటివల్లా నేల మీద ఎవరి పక్కన ఎవరు నిలబడి ఉన్నారు. వీటిలో మీకు ఏది కావాలో పని మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద రాసుకోండి. అన్నీ కావాలంటే రెండు పూత కాలాలు పడతాయి. ఒక్కటే కావాలంటే సగం పని తగ్గుతుంది.

ఏ చెట్టు, ఏ తోపు

మొదటిసారి చేసేవాళ్ళు ఏటా పూసే చెట్టును ఎంచుకోండి. ఆగ్నేయాసియా అడవుల్లో డిప్టెరోకార్ప్ (మన సాల చెట్టు కుటుంబం) జాతులు కొన్నేళ్ళకొకసారి అన్నీ కలిసి విరగబూస్తాయి, ఆ మధ్యలో పూత నామమాత్రం. రెండేళ్ళ ప్రాజెక్టు పెట్టుకుని అలాంటి చెట్టు కింద కూర్చుంటే కాలం గడిచిపోతుంది తప్ప గింజ రాదు. వేరు పిలకలతో పెరిగే చెట్టయితే (గంధం అలా పెరుగుతుంది) పక్కపక్కనున్న నాలుగు చెట్లూ నిజానికి ఒకే చెట్టు కావచ్చు, ముందే తెలిసుండాలి. రోడ్డు పక్క మర్రిచెట్ల సంగతీ అంతే, చాలావరకు కొమ్మలు నరికి పాతినవే. నగరంలోని వీధి చెట్లతో ఇంకో తిరకాసు ఉంది. లాల్‌బాగ్‌కు 1908లో వచ్చిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబీగల్ కాలం నుంచీ బెంగళూరు వీధుల్లో రకరకాల దేశాల పూలచెట్లు నాటుతూ వచ్చారు. వాటి జన్యునిర్మాణం (ఏ చెట్టుకు ఏది చుట్టమో, ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ అమరిక) చూస్తే మీకు కనిపించేది తేనెటీగల ప్రవర్తన కాదు, నర్సరీవాళ్ళు ఏ నాలుగు చెట్ల గింజలు ఏరారో ఆ కథ. అది కూడా మంచి విషయమే, కానీ ప్రశ్న వేరు.

చింతలో ఒక సౌకర్యం ఉంది. ఒక కాయలో చాలా గింజలుంటాయి, కాబట్టి ఒకే కాయలోని గింజలు ఒక తండ్రివేనా అని కూడా అడగొచ్చు. ఇబ్బందీ ఉంది, మన దగ్గరి తోపులు మనుషులు పెట్టినవి కావచ్చు, పైగా చింత అసలు ఆఫ్రికా నుంచి వచ్చిందనే ఎక్కువమంది నమ్మకం. దేవనహళ్ళి దగ్గర నల్లూరు చింతతోపును 2007లో దేశంలోనే మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. వెళ్ళి చూడండి, కానీ అలాంటి చోట ఆకు తెంపాలన్నా అనుమతి కావాలి. అడవి అయితే అటవీశాఖను, పొలమైతే యజమానిని, కాయ గుత్తకు ఇచ్చి ఉంటే గుత్తదారునూ అడగాలి. మూడోవాణ్ణి అడగడం మర్చిపోయే నేను ఆ బీడీ పెద్దాయనకు దొరికిపోయాను.

పటం

నా లెక్కలో సగం పని ఇదే. ల్యాబ్ పని చాలామందికి గొప్పగా కనిపిస్తుంది గానీ, పటం తప్పితే ఎంత ఖరీదైన యంత్రమూ మిమ్మల్ని కాపాడలేదు.

పూసే వయసుకు వచ్చిన ప్రతి చెట్టుకూ నంబరు వేయాలి. "కొన్ని" చాలవు. తండ్రి ఎవరో తేల్చాలంటే తండ్రి కాగలిగినవాళ్ళందరూ జాబితాలో ఉండాలి, లేకపోతే మీరు వదిలేసిన చెట్టు కన్న గింజలన్నీ "బయటి పుప్పొడి" ఖాతాలో పడతాయి. అందుకే తోపు హద్దు దాటి చుట్టూ ఇంకొంత మేర కూడా నడిచి, గట్ల మీద, బావి పక్కన, గుడి వెనక ఒంటరిగా ఉన్న చింతలను పట్టుకోవాలి. అల్యూమినియం బిళ్ళ మీద నంబరు గీరి మేకుతో కొట్టండి, మేకు తలను పూర్తిగా దించకండి, మాను లావెక్కేకొద్దీ బిళ్ళను మింగేస్తుంది. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో మాను చుట్టుకొలత తీసుకోండి. పెద్ద చెట్టు ఎక్కువ పూస్తుంది, ఎక్కువ పూసేది ఎక్కువమందికి తండ్రవుతుంది, ఈ కొలత తర్వాత కచ్చితంగా పనికొస్తుంది.

ఫోన్ జీపీఎస్ దట్టమైన కొమ్మల కింద ఐదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పది మీటర్ల దూరంలో ఉన్న రెండు చెట్ల మధ్య ఇది పెద్ద తప్పే. నేను తోపు నాలుగు మూలలకే జీపీఎస్ పెట్టి, లోపల టేపు, దిక్సూచి వాడాను. ఒకరు టేపు చివర పట్టుకోవాలి, అది ఎవరినైనా బతిమాలుకోవలసిన పని. ఎవరూ దొరకని రోజు టేపు చివర చెట్టుకు కట్టి నేనే అటూ ఇటూ పరుగెత్తాను.

పూత

చింత మా వైపు మే నెలలో మొదలుపెట్టి జూలై దాకా పూస్తుంది, అన్ని చెట్లూ ఒకేసారి కాదు. వారానికొకసారి ప్రతి చెట్టు కిందా నిలబడి బైనాక్యులర్‌తో చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేయండి. విసుగొస్తుంది, కానీ మానకండి. ముందే పూసి ముగించిన చెట్టుకు, చివర్లో పూసిన చెట్టుకు మధ్య పది మీటర్ల దూరమే ఉన్నా సంబంధం కుదరదు, ముహూర్తాలు కలవలేదు మరి. తర్వాత డీఎన్‌ఏ ఫలితంలో పక్కచెట్టు తండ్రి కాకుండా పోతే, ఎందుకో ఈ నోటుబుక్కే చెప్తుంది.

పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. మొగ్గ బయట గులాబీ ఎరుపు, విచ్చుకుంటే పసుపు రేకుల మీద ఎర్రటి గీతలు. ఐదు రేకుల్లో మూడే పెద్దవి, రెండు కనీకనిపించనంత చిన్నవి. మూడే కేసరాలు. కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) వాటికంటే పైకి, కాస్త వంగి ఉంటుంది, అందువల్ల సొంత పుప్పొడి దానంతటది తగలడం తక్కువ. పొద్దున్నే తేనెటీగలు వస్తాయి. ఎవరెవరు వస్తున్నారు, ఒక్కొక్కటి ఒకే చెట్టు మీద ఎన్ని పూలు తిరుగుతోంది, ఎంతసేపటికి చెట్టు మారుతోంది అని ఒక నాలుగు రోజులు రాసుకుంటే చాలు. ఒక ఈగ ఒకే చెట్టు మీద వంద పూలు తిరిగితే అది తెచ్చే పుప్పొడి చాలావరకు ఆ చెట్టుదే.

సంచులు కట్టడం

సొంత పుప్పొడిని చెట్టు ఒప్పుకుంటుందా లేదా అనేది డీఎన్‌ఏ లేకుండానే తెలుసుకోవచ్చు. ఒక్కో చెట్టు మీద పూగుత్తులను నాలుగు రకాలుగా విడదీయండి. ఒకటి, ఏమీ చేయకుండా వదిలేసినవి. రెండు, సంచి కట్టి వదిలేసినవి. మూడు, సంచి కట్టి అదే చెట్టు పుప్పొడి చేత్తో రాసినవి. నాలుగు, మొగ్గ విచ్చకముందు సాయంత్రం కేసరాలు కత్తిరించి, సంచి కట్టి, పొద్దున దూరపు చెట్టు పుప్పొడి రాసినవి. మూడే కేసరాలు కాబట్టి చింతలో ఇది సులువు, చిన్న కత్తెర, ఓపిక ఉంటే చాలు. దూరపు చెట్టు అంటే నిజంగా దూరమే, పక్కచెట్టు చెల్లెలు కావచ్చు.

సంచి సన్నటి వలగుడ్డతో కుట్టించుకోండి. ప్లాస్టిక్ వద్దు, మే ఎండకు లోపల ఉడికి పువ్వు రాలిపోతుంది, మీరు దాన్ని చూసి చెట్టు సొంత పుప్పొడిని తిరస్కరించిందని రాసుకుంటారు. కొమ్మకు కట్టేచోట దూది చుట్టకపోతే చీమలు దూరతాయి. కోతులకు మాత్రం మందు లేదు. ఒక ఉదయం వెళ్ళేసరికి నా సంచుల్లో మూడోవంతు కింద పడి ఉన్నాయి, ఒక సంచి నెత్తిన పెట్టుకుని ఒక పిల్లకోతి కొమ్మ మీద కూర్చుని ఉంది.

ఇంకో జాగ్రత్త. పిందె కట్టగానే లెక్క ముగించకండి. కొన్ని జాతుల్లో సొంత పుప్పొడితో పిందె పడుతుంది, తర్వాత నెలల్లో తల్లే దాన్ని రాల్చేస్తుంది. చింతకు పూత నుంచి పండుదాకా ఎనిమిది నుంచి పది నెలలు పడుతుంది, అందాకా ఆగాల్సిందే. సొంత పుప్పొడితో నిలిచిన కాయల శాతాన్ని దూరపు పుప్పొడితో నిలిచిన శాతంతో భాగించండి. సున్నాకు దగ్గరైతే చెట్టు తనను తాను ఒప్పుకోదు, ఒకటికి దగ్గరైతే తేడా లేదు. చింత ఎక్కువగా పరపుప్పొడి మీదే నడిచే చెట్టు, అయినా చెట్టుకూ చెట్టుకూ తేడాలు వస్తాయి, సగటు ఒక్కటే రాసి వదిలేయకండి.

గింజలు

పదిహేను ఇరవై తల్లిచెట్లు, ఒక్కోదాని నుంచి ఇరవై ముప్పై గింజలు, మొదటి ప్రయత్నానికి చాలు. కాయలను కొమ్మ మీద నుంచే, చెట్టుకు నాలుగు వైపుల నుంచీ, పైనా కిందా తీసుకోండి. కింద రాలినవి ఏరితే పక్కచెట్టువి కలుస్తాయి. ఒక్కో కాయను ఒక్కో కాగితం కవరులో వేసి, దాని మీద పెన్సిల్‌తో తల్లి నంబరు, కాయ నంబరు రాయండి. పెన్నుతో రాస్తే తడికి చెదిరిపోతుంది.

ఇక్కడే నా మొదటి ఏడాది పని మట్టిలో కలిసింది. కాయలన్నీ కవర్లలో భద్రంగానే ఉన్నాయి. గుజ్జు తీయడం చేతకాక, షెడ్డులో చింతపండు కొట్టే ఆడవాళ్ళకు ఇచ్చి "అక్కా, గింజలు నాకు కావాలి" అని మాత్రం చెప్పి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గింజలన్నీ శుభ్రంగా కడిగి, ఒకే చేటలో ఆరబోసి ఉన్నాయి. కవర్లు పొయ్యిలోకి పోయాయి. వాళ్ళు అడిగినదానికంటే ఎక్కువే సాయం చేశారు, తప్పంతా నాది. తల్లి తెలియని గింజకు తండ్రిని వెతకడం అంటే, ఇంటి పేరు తెలియకుండా సంబంధం చూడటమే.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. గింజ పైతొక్క పూర్తిగా తల్లి కణజాలం. లోపలి పిండంలో మాత్రమే తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటారు. కాబట్టి తొక్కలోంచి డీఎన్‌ఏ తీసి తోపులోని చెట్లతో పోలిస్తే తల్లి దొరుకుతుంది. కోతులు, పక్షులు ఎక్కడో పడేసిన గింజకు తల్లి ఎవరో తెలుసుకోవడానికి వాడే ఉపాయమే ఇది. ప్రతి గింజకూ రెండు పరీక్షలు, ఖర్చు రెట్టింపు. నేను నాలుగు గింజలకు చేసి చూసి, తరువాతి ఏడాది దాకా ఆగాను.

గింజను మొలకెత్తించి ఆకు తీసుకోవడం సులువైన దారి. చింతగింజ తొక్క గట్టిది, ఒక పక్క కాస్త అరగదీసి రాత్రంతా నీళ్ళలో నానబెడితే తొందరగా మొలుస్తుంది. అయితే సొంత పుప్పొడి గింజలు మొలవకముందే చచ్చిపోయే అవకాశం ఎక్కువ, అప్పుడు మీ లెక్కలో స్వపరాగం తక్కువగా కనిపిస్తుంది. ఎన్ని వేశారు, ఎన్ని మొలిచాయి అన్నది కూడా రాసిపెట్టుకోండి.

ఆకు నుంచి డీఎన్‌ఏ

లేత ఆకే కావాలి, అంటే చింతచిగురు. నా సంచిలో ఒక పక్క ల్యాబ్‌కు, ఇంకో పక్క ఇంట్లో పప్పుకు వేరువేరుగా ఉండేవి. ఆకును చిన్న జిప్ కవరులో వేసి, ఆకు బరువుకు కనీసం పదింతలు సిలికా జెల్ పోయండి. నీలి గుళికలు గులాబీ రంగులోకి మారితే తేమ నిండినట్టు, మార్చేయాలి. ఒక్కరోజులో ఆకు పెళపెళలాడేంత ఎండితే డీఎన్‌ఏ బాగుంటుంది. ఎత్తైన చెట్టుకు ఆకు అందకపోతే మాను బెరడు కింద పొర నుంచి చిన్న బిళ్ళ తీయవచ్చు. మా కుర్రాళ్ళు ఉండేలుతో రెమ్మలు రాల్చేవాళ్ళు.

డీఎన్‌ఏ తీయడానికి సీటాబ్ అనే సబ్బులాంటి రసాయనంతో చేసే పద్ధతే ఇప్పటికీ చెట్లకు అక్కరకొస్తుంది. 65 డిగ్రీల వేడిలో, ఆకులోని వగరు పదార్థాలను పట్టుకునేందుకు పీవీపీ అనే ఇంకో రసాయనం కలిపి చేస్తారు. ద్రావణం గోధుమరంగుకు తిరిగితే అది ఆ పదార్థాల పని, మళ్ళీ కడగాలి. దీని వివరం ఏ ల్యాబ్‌లో అడిగినా చెప్తారు కాబట్టి ఇక్కడ ఆపుతాను.

మార్కర్ల సంగతి ముఖ్యం. మార్కర్ అంటే డీఎన్‌ఏలో చెట్టుకూ చెట్టుకూ తేడా చూపించే ఒక చోటు, అక్కడ ప్రతి చెట్టుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు రూపాలుంటాయి, రెండూ ఒకేలా ఉండొచ్చు. వెనకటి రోజుల్లో ఐసోజైములు (ఒకే ఎంజైము రకరకాల రూపాలు) వాడేవారు. ఇప్పుడు మైక్రోశాటిలైట్లు (చిన్న డీఎన్‌ఏ ముక్క పదేపదే వచ్చే చోట్లు), లేదా వేల సంఖ్యలో స్నిప్‌లు (ఒక్క అక్షరం తేడా ఉన్న చోట్లు). చేతిలో డబ్బు తక్కువైతే, బాగా తేడాలు చూపించే మైక్రోశాటిలైట్లు ఎనిమిది నుంచి పన్నెండు సరిపోతాయి. మీ జాతికి ఎవరైనా ఇప్పటికే తయారుచేశారేమో, లేకపోతే దగ్గరి జాతివి పనిచేస్తాయేమో ముందు వెతకండి. ఒక దొంగ ఉంటాడు, శూన్యరూపం. మార్కర్ ఉన్నా యంత్రానికి కనిపించని రూపం అన్నమాట. అది ఉంటే రెండు రూపాలున్న చెట్టు ఒకటే ఉన్నట్టు కనిపిస్తుంది, మీరు దాన్ని స్వపరాగం అనుకుంటారు. పట్టుకోవడం సులువే. ప్రతి గింజలోనూ తల్లి రూపం ఒకటి ఉండి తీరాలి. తల్లితో పొంతన లేని గింజలు ఒకే మార్కర్ దగ్గర పదేపదే వస్తుంటే ఆ మార్కర్‌ను పక్కనపెట్టండి. అన్ని మార్కర్ల దగ్గరా వస్తే మార్కర్‌ది తప్పు కాదు, మీ కవర్లు తారుమారయ్యాయి.

తండ్రిని పట్టుకోవడం

ఒక గింజను తీసుకుని చేత్తో చేసి చూద్దాం, తర్వాత కంప్యూటర్‌కు వదిలేయొచ్చు. తల్లి 17వ నంబరు చెట్టు అనుకోండి. మొదటి మార్కర్ దగ్గర దానికి 182, 190 అనే రెండు రూపాలున్నాయి (ఆ అంకెలు డీఎన్‌ఏ ముక్క పొడవు). గింజలో 190, 198 కనిపించాయి. 190 తల్లిది. 198 తల్లి దగ్గర లేదు, కాబట్టి తండ్రిది, ఈ గింజ స్వపరాగం కాదని ఒక్క మార్కర్‌తోనే తేలిపోయింది. తోపు జాబితాలో 198 ఉన్న చెట్లు 4, 9, 22, 31, 40. రెండో మార్కర్ దగ్గర తల్లికి 120 ఒక్కటే, గింజకు 120, 126. ఆ ఐదింటిలో 126 ఉన్నవి 9, 31. మూడో మార్కర్ 9ని కొట్టేసింది. మిగిలింది 31. ఇప్పుడు పటం తీయండి. 31 తోపుకు ఆ చివర, 140 మీటర్ల దూరంలో ఉంది. 17కు కొమ్మలు ఒరుసుకునేంత దగ్గరగా ఉన్న 18 కాదు.

ఒక్కోసారి గింజలోనూ 182, 190 అని తల్లి రూపాలే వస్తాయి. అది స్వపరాగం కావచ్చు, అవే రూపాలున్న ఇంకో చెట్టు తండ్రి కావచ్చు. ఒక మార్కర్‌తో చెప్పలేం, పది మార్కర్లలో ఎక్కడా కొత్త రూపం లేకపోతే అప్పుడు సొంత పుప్పొడే అని దాదాపు ఖాయం. వందల గింజలకు ఈ పని సెర్వస్ అనే సాఫ్ట్‌వేర్ సంభావ్యత లెక్కేసి చేసి పెడుతుంది. జాబితాలో ఎవరికీ సరిపోని గింజలు బయటి పుప్పొడివి, వాటిని చెత్తలా తీసేయకండి, తోపు బయటి ప్రపంచంతో ఎంత కలిసి ఉందో చెప్పేది అవే.

అంకెలు

తండ్రి పేరు అక్కర్లేదు, మొత్తం తీరు చాలు అనుకుంటే, రిట్లాండ్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన ఎంఎల్‌టీఆర్ సాఫ్ట్‌వేర్‌తో తల్లీ గింజల సమాచారం నుంచే మూడు అంకెలు వస్తాయి.

మొదటిది, అన్ని మార్కర్లూ కలిపి చూసిన పరపరాగ రేటు. 0.9 అంటే వంద గింజల్లో తొంభై వేరే చెట్టు పుప్పొడివి. రెండోది, ఒక్కో మార్కర్‌ను విడిగా చూసి తీసిన సగటు రేటు. చుట్టాల మధ్య కలయిక ఉంటే ఒక్కో మార్కర్ దగ్గర అది స్వపరాగంలా కనిపించి ఈ అంకె కిందికి పోతుంది. కాబట్టి మొదటిదానిలోంచి రెండోది తీసేస్తే మిగిలేది మేనరికం పాలు. మూడోది, ఒకే తల్లి గింజలు ఒకే తండ్రివి అయ్యే అవకాశం. దాన్ని తలకిందులు చేస్తే తండ్రుల సంఖ్య, 0.25 వస్తే సుమారు నలుగురు.

మేనరికం ఎంత బలమైనదో మన ఇళ్ళ లెక్కతోనే చూసుకోండి. బావామరదళ్ళ పిల్లల్లో అంతఃప్రజననం (తల్లి, తండ్రి ఇచ్చిన రెండు రూపాలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం) 16లో ఒక వంతు, మేనమామ మేనకోడళ్ళ పిల్లల్లో 8లో ఒక వంతు. ఒకే తల్లి, వేరు తండ్రుల గింజల నుంచి లేచిన రెండు చెట్లు కలిస్తే వాటి గింజలోనూ సరిగ్గా 8లో ఒక వంతే. స్వపరాగంలో అయితే ఏకంగా సగం.

ఇంకో మంచి తనిఖీ ఉంది. పరపరాగ రేటు తరతరాలుగా అదే అయితే అంతఃప్రజననం ఎంతుండాలో ముందే చెప్పొచ్చు: ఒకటిలోంచి ఆ రేటు తీసేసి, ఒకటికి ఆ రేటు కలిపినదానితో భాగించాలి. రేటు 0.8 అయితే 0.2ను 1.8తో భాగించి 0.11. గింజల్లో అంత కనిపించి పెద్ద చెట్లలో సున్నా దగ్గర ఉంటే, మధ్యలో ఆ గింజలు బతకలేదన్నమాట. చెట్లలో ఇది తరచూ కనిపించే తీరే.

ఎవరి పక్కన ఎవరు

ఇప్పుడు పెద్ద చెట్ల వైపు రండి. తోపులోని ప్రతి రెండు చెట్ల మధ్యా చుట్టరికం లెక్కేసి, దాన్ని వాటి మధ్య దూరంతో పోల్చాలి. అరవై చెట్లుంటే 1770 జతలు, అందుకే స్పాజెడి అనే సాఫ్ట్‌వేర్ ఉంది. జతలను దూరాన్ని బట్టి గుంపులు చేయండి, 20 మీటర్ల లోపు, 20 నుంచి 50, అలా. ఒక్కో గుంపులో వంద జతలకు తగ్గకుండా చూసుకోండి. దగ్గరివాళ్ళ మధ్య చుట్టరికం ఎక్కువగా ఉండి దూరం పోయేకొద్దీ తగ్గితే జన్యునిర్మాణం ఉన్నట్టు. ఆ తగ్గుదల వాలును దూరపు లాగరిథమ్ మీద తీసి, గుర్తు తిప్పి, ఒకటిలోంచి మొదటి గుంపు చుట్టరికాన్ని తీసేయగా మిగిలినదానితో భాగిస్తే వచ్చే అంకె పేరు ఎస్‌పీ, జన్యునిర్మాణం ఎంత బలంగా ఉందో అది చెప్తుంది. 2004లో వెకెమాన్స్, హార్డీ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. పరపరాగ మొక్కల్లో ఇది 0.01 దరిదాపుల్లో ఉంటుంది, స్వపరాగ మొక్కల్లో దానికి పదింతల పైనే.

గింజ తల్లి కిందే రాలే జాతుల్లో వాలు నిటారుగా ఉంటుంది. గబ్బిలాలు, ఏనుగులు, హార్న్‌బిల్ పక్షులు మోసుకుపోయే జాతుల్లో దాదాపు చదును. పూలకు దూరాలు తిరిగే అతిథులు వచ్చినా గింజ దగ్గరే పడితే రెండూ కొట్లాడుకుంటాయి, మధ్యరకం వాలు వస్తుంది.

పెద్దాయన మాట గుర్తుందా, నాటినోడే తండ్రి అని? వరసల్లో నాటిన తోపులో ఈ గీత గీస్తే కనిపించేది ఆయన చెప్పిందే. నాటినవాడు ఒకే చెట్టు గింజలు ఒక పక్కంతా పాతి ఉంటే అక్కడ అన్నదమ్ములు గుంపుగా ఉంటారు, దాన్ని గింజలు దగ్గర రాలడం వల్ల అనుకుని వ్యాసం రాస్తే నవ్వులపాలే. అందుకే ఊళ్ళో పెద్దవాళ్ళను తోపు ఎప్పుడు, ఎవరు పెట్టారో అడగండి, ఈ ప్రశ్నకు యంత్రం దగ్గర జవాబు లేదు.

తోపుకూ తోపుకూ మధ్య జన్యు తేడాకు ఎఫ్ఎస్‌టీ అనే అంకె చూస్తారు. అది కేంద్రక డీఎన్‌ఏతో ఒకటి, క్లోరోప్లాస్ట్ (ఆకుకు పచ్చదనమిచ్చే రేణువు) డీఎన్‌ఏతో ఇంకొకటి వస్తుంది. చాలా పూలచెట్లలో క్లోరోప్లాస్ట్ తల్లి నుంచే వస్తుంది, అంటే గింజ తిరిగినంత మేరే తిరుగుతుంది, అందుకే దాని ఎఫ్ఎస్‌టీ ఎక్కువ. రెండింటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే పుప్పొడి గింజ కంటే అంత దూరం పోతోందన్నమాట. చెట్లను జన్యువుల పోలికను బట్టి జనాభాలుగా విడదీసే, 2000లో వచ్చిన స్ట్రక్చర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు ఒక్క మాట: తల్లిచెట్ల గింజలను అందులో వేయకండి, అది ఒక్కో కుటుంబాన్ని ఒక్కో జనాభాగా చూపించి మిమ్మల్ని మురిపిస్తుంది.

ఒంటరి చెట్టును చూసి జాలిపడకండి

ఫలితాలు వచ్చాక చాలామంది చేసే తప్పు, పొలంలో ఒంటరిగా ఉన్న చెట్టును జన్యుపరంగా చచ్చినట్టే లెక్కేయడం. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర డినీజియా ఎక్సెల్సా అనే మహావృక్షం పచ్చికబయళ్ళలో ఒంటరిగా మిగిలినా, బయటినుంచి వచ్చిన ఆఫ్రికా తేనెటీగలు దాని పుప్పొడిని 3.2 కిలోమీటర్ల దాకా మోశాయి. హోండురస్‌లో ఒక జాతి మహోగని విషయంలో అడవి ముక్కలయ్యాక పుప్పొడి రాకపోకలు పెరిగాయి, 4.5 కిలోమీటర్లు దాటాయి. అత్తి జాతులైతే ఇంకా వింత. నమీబియా ఎడారిలో అత్తిచెట్ల మధ్య చిన్న కందిరీగలు గాలివాటున పుప్పొడిని 160 కిలోమీటర్ల దూరం చేర్చాయని 2009లో తేల్చారు. మన ఊరి రావి, మర్రి కూడా ఈ కుటుంబానివే.

అలాగని ఒంటరితనం ఎప్పుడూ మంచిదేం కాదు. సొంత పుప్పొడిని కొంత ఒప్పుకునే జాతుల్లో చుట్టుపక్కల పూసే చెట్లు తగ్గేకొద్దీ స్వపరాగం పెరుగుతుంది, పనామాలో బూరుగు కుటుంబపు చెట్లలో దీన్ని చూశారు. కోస్టారికాలో ఇంకో రకం చిక్కు బయటపడింది. పచ్చికబయళ్ళలో మిగిలిన కొద్దిపాటి సింఫోనియా చెట్లే చుట్టూ ఉన్న అడవి ముక్కల్లోని మొలకల్లో ఎక్కువభాగానికి తల్లిదండ్రులయ్యాయి. మొలకలు దండిగా కనిపిస్తాయి, కన్నవాళ్ళు మాత్రం పిడికెడు.

నాటడానికి గింజలు ఏరేవాళ్ళు ఇందులోంచి తీసుకోవలసింది ఒకటే పద్ధతి. కనీసం పాతిక ముప్పై తల్లిచెట్లు, ఒకదానికొకటి వంద మీటర్ల దూరంలో ఉన్నవి చూసుకోండి, ఒక్కోదాని నుంచి సమానంగా గింజలు తీసుకోండి. అందుబాటులో ఉన్న, విరగకాసిన ఒక్క చెట్టు కింద గోనె నింపుకుంటే, ఆ మొక్కలన్నీ పెరిగాక ఒకరికొకరు అక్కాతమ్ముళ్ళే.

గుత్తపెద్దాయన మరుసటి ఏడు తన గట్టు మీద నాటడానికి గింజలడిగాడు. ముప్పై కవర్లు ఇచ్చాను. ఆయన 31వ నంబరుది విప్పి చూసి, "దీని పండు నలుపెక్కుతుంది సార్, మార్కెట్లో ఎవడూ ముట్టడు" అని తిరిగిచ్చాడు. అది మిగతా చెట్ల గింజల్లోనూ ఇప్పటికే తండ్రిగా దూరి ఉందని చెప్పాను. కవర్లన్నీ ఒళ్ళో పోసుకుని, వాటిలో దాని పిల్లలు ఏవో వేరుచేసి ఇమ్మని కూర్చున్నాడు.